మందు తప్పింది ఎవరి తప్పు?

ఏఆర్‌టీ కేంద్రంలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, "ఎందుకు తప్పించావమ్మా?" అని స్త్రీని నిలదీయడాన్ని మనం కౌన్సెలింగ్ అంటున్నాం. నెలకు 30 మాత్రల్లో రెండు మిగిలితే చాలు, ఆమె 95 శాతం గీత దాటి కిందికి జారినట్టే. లెక్కలో తప్పులేదు. రక్తంలో మందు తగ్గితే హెచ్ఐవీ మళ్లీ పెరుగుతుంది, ఆ మందుకు లొంగని రూపాలు నిలదొక్కుకుంటాయి. 2004లో ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టినప్పటి నెవిరాపిన్‌ను ఓడించడానికి వైరస్‌లో ఒక్క మార్పు చాలు. ఇప్పుడిస్తున్న డోలుటెగ్రవిర్ అంత తేలిగ్గా ఓడదు. గంట ఆలస్యమైతే కొంప మునగదు. రోజులకు రోజులు తప్పితేనే ముప్పు.

కానీ ఆ వేళను నిర్ణయించేది ఎవరు?

మందమర్రి లాంటి బొగ్గు ఊళ్లో ఇంటి గడియారం సింగరేణి షిఫ్టుతో తిరుగుతుంది. ఫస్టు షిఫ్టుకు బాయికి పోయేవాడికి తెల్లారకముందే సద్ది కట్టాలి. నైట్ షిఫ్టు దిగినవాడు పడుకుంటే పిల్లల్ని గొంతెత్తనీయకూడదు. షిఫ్టు మారినప్పుడల్లా ఆమె తిండీ నిద్రా మారతాయి. "రోజూ ఒకే వేళకు వేసుకో" అన్న సలహా, తన రోజు తన చేతిలో ఉన్న మనిషి కోసం రాసింది. పైగా దాపరికం. ఇరుకు క్వార్టరులో మందు డబ్బా చప్పుడు కూడా భయమే. అత్త కంట పడకుండా మాత్రను కొంగున ముడేసుకునే స్త్రీ పేరు పక్కన "నిర్లక్ష్యం" అని రాసుకోవడానికి మనకు చేతులెలా వస్తాయి?

వేళ గురించి ఇంత చెప్పేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. స్త్రీలకు ఐరన్, కాల్షియం మాత్రలు పంచుతారు. పరగడుపున వాటితో కలిపి డోలుటెగ్రవిర్ మింగితే అది ఒంటికి సరిగా పట్టదు. అన్నం తింటూ అయితే కలిపి వేసుకోవచ్చు. లేదంటే వాటికి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో వేసుకోవాలి. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి గాని, మర్నాడు రెండు మింగకూడదు.

2022లో మందులకే కొరత వచ్చి, హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లు ఢిల్లీలో నాకో కార్యాలయం ముందు 40 రోజులకు పైగా కూర్చున్నారు. ఆ నిర్లక్ష్యం ఏ రిజిస్టరులోకి ఎక్కింది?

సమ్మతి లేకుండా తన స్థితి బయటపెట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 2017 నాటి హెచ్ఐవీ చట్టం అంటోంది. తోడుగా ఇంట్లోంచి ఒకరిని తెచ్చుకోమనే ముందు, ఆ ఇంట్లో ఆమెకు తోడెవరో ఆమెనే అడగాలి. మందు వేళను ఆమెతో కూర్చుని, ఇంటి షిఫ్టు తెలుసుకుని పెట్టాలి. వైరల్ లోడ్ పరీక్ష ఫలితం ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. ప్రతి నెలా తిప్పకుండా ఒకేసారి మూడు నెలల మందు ఇవ్వమని మన సంఘాలు పట్టుబట్టాలి.