లెక్కలు చెవిన పడాలంటే

ఆర్థిక గణాంకాలంటే మన మీటింగుల్లోనే చాలామంది ముఖం తిప్పుకుంటారు. ఇక డిగ్రీ చదివే ఆడపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. పోయిన ఏడాది ఒక కాలేజీలో సోషియాలజీ క్లాసుకి వెళ్ళి ప్రభుత్వ సర్వే పట్టికలు జిరాక్సు తీసి పంచాను. పది నిమిషాల్లో సగంమంది కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మరుసటి వారం అదే పట్టికను మాటల్లో చెప్పి, పన్నెండు నిమిషాల పాడ్‌కాస్ట్‌గా రికార్డు చేసి పంపాను. "గిన్నెలు తోముకుంటూ విన్నాను మేడం" అందొకమ్మాయి. నేను చెప్పిన పాఠమూ ఆ గిన్నెల గురించే.

కాల వినియోగ సర్వే దేశమంతటా మొదటిసారి 2019లో జరిగింది. (1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా చేశారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ లేదు.) తెల్లవారుజామున నాలుగింటినుంచి మర్నాడు నాలుగింటిదాకా, అరగంటకో గడి చొప్పున, ఏ పని చేశారో అడిగి రాసుకుంటారు. జీతంలేని ఇంటిచాకిరీకి ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ అడిగితే 289, 88.

"మా నాన్న 88 నిమిషాలు ఎప్పుడు చేశాడు మేడం?" అని అడిగిందో పిల్ల. నిజమే. ఆ సగటు ఇంటిపని చేసినవాళ్ళది మాత్రమే. 2019లో ఆరేళ్ళు దాటిన ఆడవాళ్ళలో 81 శాతం ఇంటిపని చేస్తే, మగవాళ్ళలో చేసింది 26 శాతం. నేను ఆ మాట రికార్డింగులో చెప్పాను గాని, గబగబా చెప్పేశాను. చెవి దాన్ని పట్టుకోలేదు. కాగితం మీదైతే వెనక్కి వెళ్ళి చూసుకుంటాం. వినేటప్పుడు అంకె ఒక్కటే మిగిలి, అది ఎవరి అంకో జారిపోతుంది. అందుకే ఇప్పుడు పట్టిక చేతికిచ్చి, మాట చెవికిస్తున్నాను.

శ్రామికశక్తి సర్వే ప్రకారం, పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో శ్రామికశక్తిలో ఉన్నవారు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. వినడానికి ఎంత బాగుంది! కానీ పనిలో ఉన్నారని లెక్కేసిన ఆ స్త్రీలలో మూడోవంతుకు పైగా ఇంటి వ్యాపారంలోనో సేద్యంలోనో కూలిలేకుండా చేసేవారే. ఈ విషయం తెలియడానికి విద్యార్థినులనే రికార్డు చేయమన్నాను. ఇంటికి వెళ్ళి "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడగాలి. ఎక్కువమంది తల్లుల జవాబు "ఏముంది, ఇంట్లోనే ఉంటా." అలా చెప్పిన ఒకామె రెండు బర్రెలను సాకుతోంది, పాలు కేంద్రానికి పోస్తోంది. డబ్బు భర్త ఖాతాలో పడుతుంది. సర్వే కాగితంలో ఆమెకు ఇంటిపని చేసేవారి 92వ కోడ్ వేయాలా, జీతంలేని సహాయకురాలిగా 21 వేయాలా అని క్లాసంతా గంటసేపు కొట్లాడుకున్నారు. నా ఉపన్యాసంతో ఎప్పుడూ ఇంత చర్చ రాలేదు.

నాకు దొరికిన తెలుగు ఆర్థిక పాడ్‌కాస్టులు చాలావరకు షేర్లు ఎలా కొనాలో చెప్పేవి. 2008లోనే జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు సంఘం రేడియో మొదలుపెట్టారు. స్త్రీల పనిగురించి స్త్రీలే మైకుముందు మాట్లాడటం మనకు కొత్త కాదు. కాబట్టి సంఘాల్లో పనిచేసే మిత్రులు ఈ ప్రయత్నం చేయాలని నా కోరిక. అయితే రెండు జాగ్రత్తలు. తల్లుల గొంతు వారి అనుమతి లేకుండా బయటికి పోకూడదు. మా క్లాసులో ఒకామె వద్దంటే చెరిపేశాం. రెండోది, ఫోను ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కోండి. నా విద్యార్థినుల్లో కొందరు రాత్రి అన్న నిద్రపోయాక అతని ఫోనులో విన్నారు.