వేసవి బైబిలు బడియు, చేతిపనుల వెలయు

వేసవి సెలవులు సమీపించినంతనే మన సంఘములలో బాలబాలికల కొరకు బైబిలు పాఠశాలలు జరుగుట వాడుక. పాటలు, కథలు, కంఠస్థ వాక్యములు, ఆటలు, వీనితోబాటు చేతిపనులకును ప్రతిదినము కొంతవేళ కేటాయింతురు. పిల్లలకు మిక్కిలి ప్రియమైన వేళ యిదియే. ఏర్పాటు చేయు పెద్దలకు మిక్కిలి చిక్కు తెచ్చునదియు నిదియే. ఏలయన పాటకును కథకును పైకముతో పనిలేదు. చేతిపనికి సామగ్రి కావలయును. ఆ సామగ్రి ఎక్కడనుండి రావలయును, దాని వెల యెవరు చెల్లింపవలయును అను విషయమున మా యభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

చౌటుప్పల్ హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై నున్న పట్టణము. రాజధానికి ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరము. బస్సెక్కినచో పూటలో పోయి రావచ్చును. కావున మన ఉపాధ్యాయులు నగరమునకు పోయి, అచ్చట సిద్ధముగా దొరకు పొట్లములను కొనితెచ్చుట సులువని తలంతురు. ఆ పొట్లములలో తళుకు కాగితములు, రంగుల స్పాంజి ముక్కలు, అంటించు కండ్లు, అచ్చువేసిన నమూనాలు ఉండును. బిడ్డ చేయవలసినది అంటించుట మాత్రమే. వాని వెలను తలకింత చొప్పున పిల్లలయొద్దనే వసూలు చేయుదురు. తలకు 50 రూపాయలే యనుకొన్నను, ముగ్గురు పిల్లలున్న యింట అది 150 రూపాయలగును. కూలిచేసి బ్రదుకు తల్లికి అది చిన్నమొత్తము కాదు.

కొంతకాలము క్రిందట ఒక సంఘమున జరిగిన బడిలో మేమును సహాయకులముగా నుంటిమి. తొమ్మిది పదియేండ్ల బాలిక యొకతె తమ్ముని వెంటబెట్టుకొని ప్రతిదినము అందఱికంటె ముందు వచ్చెడిది. పాటలలో ఆమె గొంతే పైకి వినబడెడిది. చేతిపనుల గంట కొట్టగానే “అమ్మ నీళ్లు పట్టుమన్నది” అని చెప్పి, తమ్ముని చేయిపట్టుకొని వెడలిపోయెడిది. నాలుగవనాడు గాని మాకు సంగతి బోధపడలేదు. రుసుము తెమ్మని ఆమెను ఎవ్వరును గద్దింపలేదు. లేదని చెప్పియున్నచో ఎవరైనను మన్నించియే యుందురు. కాని ఆ మాట చెప్పుటకు బిడ్డకు మనసొప్పలేదు. మఱునాడు మేము పొట్లమొకటి ఆమె చేతికిచ్చితిమి. ఆమె దానిని తమ్మునికిచ్చి తాను ప్రక్కన కూర్చుండెను. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదియే.

ఇట్టి బడులు ఎవరికొరకు పుట్టినవో జ్ఞాపకము చేసికొనుట మంచిది. 1780లో ఇంగ్లండు దేశపు గ్లాస్టరు పట్టణమున రాబర్టు రెయిక్సు ఆదివారపు బడి తెఱచినది, వారమంతయు పనిచేసి ఆదివారము వీధులలో తిరుగు పేదపిల్లల కొరకు. 1898లో న్యూయార్కు నగరపు తూర్పుభాగమున హాజ్ అను దొరసాని, వేసవిలో వీధులపాలైన పిల్లల నిమిత్తము బీరు అంగడి యొకటి అద్దెకు తీసికొని అనుదిన బైబిలు బడి నడపెను. 1901 నుండి బోవిల్ అను బాప్టిస్టు సేవకుడు ఆ పద్ధతిని నగరమున విస్తరింపజేసెను. చేతిపనులు ఆరంభమునుండియు ఆ బడులలో భాగమై యుండెను. పేదబిడ్డ కొరకు పుట్టిన బడిలో పేదబిడ్డయే తల వంచుకొనవలసి వచ్చుట తగునా?

మా యభిప్రాయము రెండు మాటలలో చెప్పుదుము. చేతిపనికై ఏ బిడ్డయు కాసు తేవలసిన యవసరము ఉండరాదు. బడిలో చేసిన వస్తువును బిడ్డ ఇంటికడ మరల తానే చేయగలిగి యుండవలెను. రెండవ నియమము మొదటిదానికంటె తక్కువది కాదు. కొన్న పొట్లముతో బొమ్మ ఒక్కమారే తయారగును. దాని రంగు పోయిన దినముననే కథయు మఱపునకు వచ్చును. ఇంటికడ మరల చేయగల వస్తువైనచో, బిడ్డ దానిని చెల్లెలికి నేర్పును. నేర్పునపుడు కథయు చెప్పును.

అట్టి వస్తువులు మన చుట్టుప్రక్కల కొల్లలుగా నున్నవి. మే నెల ముంజల కాలము. తిని పాఱవేసిన రెండు తాటికాయలకు నడుమ పుల్ల గ్రుచ్చి, పంగలకఱ్ఱతో త్రోయు బండి మన పల్లె పిల్లలకు ఎవ్వరును నేర్పనక్కఱలేదు. ఐతియోపీయుని రథముయొద్దకు ఫిలిప్పు పరుగెత్తిన కథ చెప్పిననాడు ఈ బండ్లనే చేయింపవచ్చును. లేత తాటాకును చీల్చి అల్లిన చిన్నబుట్ట, పసివాడైన మోషేను దాచిన జమ్ముపెట్టె యగును. మోదుగాకులను పుల్లలతో కుట్టిన విస్తరి, అయిదు రొట్టెల కథకు చాలును. ఎండిన చెరువునుండి తెచ్చిన బంకమట్టితో పదిమంది కన్యకల దీపములు చేసి, కుమ్మరి ఆవములో కాల్పించినచో క్రిస్మసు వఱకు నిలుచును.

మగ్గముల మాట వేఱుగా చెప్పవలెను. కొయ్యలగూడెము మన మండలములోనిదే. పోచంపల్లి, పుట్టపాక సమీపముననే యున్నవి. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లోను, పుట్టపాక తేలియా రుమాలునకు 2020లోను భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి విద్య యింటిముంగిట నుండగా, చేతిపని నేర్చుటకు నగరపు పొట్లమేల? వస్త్రమును కోసి తీసిన పిమ్మట మగ్గమునకు మిగులు పడుగుకొసలను అడిగి తెచ్చినచో, పిల్లలు జడగా అల్లి దావీదు వడిసెల చేయుదురు. దానిలో ఱాయి వలదు. గుడ్డ ఉండ చాలును. జానెడు తెల్లగుడ్డను అక్కడక్కడ దారముతో బిగించి పసుపునీట ముంచి, ఆరిన పిమ్మట విప్పినచో, కట్టినచోట తెలుపు నిలిచియుండును. నేతగాండ్రు నేయుటకు ముందే నూలును ఇట్లు కట్టి రంగులద్దుదురని చెప్పి, యోసేపు నిలువుటంగీ కథకు ఆ గుడ్డలను ఒకటిగా కుట్టింపవచ్చును.

అంటించుటకు జిగురు కొననక్కఱలేదు. ఒక గిన్నెడు మైదాను నాలుగు గిన్నెల నీటిలో కలిపి, ఉండకట్టకుండ కాచినచో కాగితములకు చాలును. చేర్యాల చిత్రకారులు వాడు చింతపిక్కల జిగురు ఇంకను గట్టిది. పిక్కలను నానబెట్టి, పొట్టుతీసి, నూఱి, ఉడికింపవలెను. కాచు పని పెద్దలది. నలువదిమంది పిల్లల బడికి నిజముగా కొనవలసినవి మొద్దుమొనల కత్తెరలు పది, మైదా ఒక కిలో, పసుపు, దారపు ఉండ, రంగు సుద్దలు మాత్రమే. ఈ స్వల్పవ్యయమును సంఘపు పెట్టెనుండి చెల్లించుట ఏ సంఘమునకును భారము కాదు.

చౌకయని చేతికందిన దెల్ల వాడరాదు. గురివింద గింజలు చూపునకు అందమైనవి గాని విషము. పూసలుగా గ్రుచ్చుటకు పిల్లల కీయరాదు. సీతాఫలపు గింజల పొడి కంటబడినచో మిక్కిలి హాని. మన పట్టణపు చుట్టును ఔషధ పరిశ్రమలున్నవి. అట్టి చోట్లనుండి వచ్చిన ఖాళీ డబ్బాలను, సంచులను ఎంత కడిగినను బడికి తేరాదు. థర్మోకోలు నక్షత్రములను గూర్చియు ఒక మాట. అలంకారమునకై థర్మోకోలు వాడుట 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినది. వెదురుబద్దలును, పాత పత్రికలును ఉండగా దేవుని మందిరమున చట్టము మీఱవలసిన యగత్యమేమి?

మా మాటకు ఆక్షేపణలు లేకపోలేదు. పొట్లము కొనినచో శ్రమ తప్పునని కొందఱందురు. అది నిజమే. ఉపాధ్యాయులలో పలువురు పగలంతయు తమ పనులు చేసికొని సాయంకాలము వచ్చువారు. అందుచేతనే యీ పనిని మన ఉన్నత పాఠశాల విద్యార్థులు పైన వేసికొనవలెనని మా కోరిక. సెలవులకు ముందు నాలుగు ఆదివారములు చాలును: ఒకనాడు చింతపిక్కలు, ఒకనాడు నూలుకొసలు, ఒకనాడు పాత శుభలేఖలును పత్రికలును, చివరినాడు బంకమట్టి. తాటాకు మాత్రము బడి జరుగు ముందటినాడు కోయవలెను; ఎండినచో విఱుగును.

పాఱవేసిన వస్తువులతో పని చేయించుట పేదపిల్లలను చిన్నబుచ్చుట గాదా యని మఱికొందఱడుగుదురు. ఈ ప్రశ్న ఆలోచింపదగినది. ఉన్నవారి బిడ్డకు తళుకు కాగితమును, లేనివాని బిడ్డకు తాటాకును ఇచ్చినచో అది అవమానమే. సంఘపు పెద్ద కుమార్తెకును కూలివాని కుమార్తెకును ఒకే తాటియాకు చీల్చి యిచ్చినచో అందులో అవమానమెక్కడిది? అంతియేగాక, మిగిలిన పైకముతో నేతగాని, కుమ్మరిని, బుట్టలల్లు అవ్వను ఒక్కొక్క పూట బడికి పిలిచి, వారి కూలి చెడకుండ ఇచ్చి పంపవచ్చును. తన తండ్రి పిల్లలందఱి యెదుట ఉపాధ్యాయుడై నిలుచుట చూచిన బిడ్డ, ఆ దినమును ఏ బహుమతికంటెను ఎక్కువగా తలచును.

మెఱుపు కాగితము పాపమని మేము చెప్పుటలేదు. దాత యెవరైనను ఇచ్చినచో అందఱికి పంచవచ్చును. మేము వలదనునది బిడ్డలయొద్ద వసూలు చేయు రుసుమును. కావున రాబోవు వేసవి బడి ప్రకటనలో “చేతిపనులకు రుసుము లేదు” అను మాటను పెద్ద అక్షరములతో చేర్పవలెనని సంఘ పెద్దలను, పాదిరిగారిని వినయముతో వేడుచున్నాము. ఆ ఒక్క పంక్తి చదివి, చేతిపనుల గంట కొట్టినపుడు ఒక్క బిడ్డ నీళ్ళ నెపము చెప్పక నిలిచినను, మా యీ వ్రాతకు ఫలము దక్కినట్లే.