టోపీ మారింది... మరి స్టేషను?

పోలీసు సంస్కరణలు సరిహద్దు పల్లెకు ఎంతవరకు వచ్చాయి?

నంగలి: కర్ణాటక పోలీసు అనగానే మన సరిహద్దు పల్లెల్లో కళ్లముందు మెదిలేది ఒక పక్కకు పైకి మడిచిన వెడల్పాటి టోపీ. పలమనేరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకు బోర్డు చదవకపోయినా ఆ టోపీ కనిపించిందంటే రాష్ట్రం దాటేశామని తెలిసిపోయేది. ఆ స్లౌచ్ హ్యాట్‌కు కాలం చెల్లింది. 2025 అక్టోబరు 28న బెంగళూరు విధానసౌధలో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య కానిస్టేబుళ్లకు, హెడ్ కానిస్టేబుళ్లకు నీలిరంగు పీక్ క్యాప్‌ల పంపిణీని ప్రారంభించారు. పలు రాష్ట్రాల నమూనాలు చూసి చివరికి ఖరారు చేసింది తెలంగాణ తరహా టోపీనే.

తెలుగు నేల టోపీ కన్నడ పోలీసు నెత్తికెక్కిందని మనోళ్లు సరదాగా చెప్పుకోవచ్చు. కానీ ఇది సరదా సంగతి మాత్రమే కాదు. ఎండలో గంటల తరబడి నిలబడేవాడికి ఆ పాత టోపీ బరువు. గాలికి నిలవదు. గుంపును అదుపు చేయబోతే ముందు టోపీని పట్టుకోవాలి, తర్వాతే లాఠీ. అన్నింటికన్నా ముఖ్యం, పై అధికారులకు ఒక టోపీ, కింది సిబ్బందికి ఇంకొక టోపీ అన్న తేడా. తెల్లదొరల కాలం నుంచి వచ్చిన ఈ అంతస్తుల ఆనవాలు ఒకటి ఇప్పుడు చెరిగిపోయింది. అంతవరకు మంచిదే.

అయితే స్టేషను మెట్లెక్కే రైతుకు, లారీ డ్రైవరుకు, టమాటా మండీ కూలీకి కావాల్సింది టోపీ కాదు. తన మాట వినే మనిషి. ఆ దారిలో ఏం మారింది, ఏం మారలేదు అన్నదే అసలు ప్రశ్న.

రెండు మూలాలు, ఒకటే ఖాకీ

నంగలి నేటి సరిహద్దు కాదు. హొయ్సళుల శాసనాల్లో రాజ్యానికి తూర్పు హద్దుగా చెప్పిన ఊరు ఇదే. బెంగళూరు నగరంలో తిరిగే పోలీసు గస్తీ బండ్లకు ‘హొయ్సళ’ అని పేరు. ఆ పేరుగల రాజుల పొలిమేర మాత్రం మన ఊరు.

ఇంగ్లీషు వాళ్ల కాలంలోనూ ఇది హద్దే. అటు చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడి పోలీసు వ్యవస్థకు పునాది 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం. ఇటు కోలారు మైసూరు సంస్థానం. ఇక్కడ ఇప్పుడు నడుస్తున్నది 1963 నాటి కర్ణాటక పోలీసు చట్టం. అందుకే ఒకే ఖాకీ అయినా రెండు వైపులా కొన్ని పద్ధతులు కలవవు. చిత్తూరు ఎస్పీ పైన ఉండే రేంజి అధికారి డీఐజీ. కోలారు ఎస్పీ పైన బెంగళూరులో కూర్చునే సెంట్రల్ రేంజి అధికారి ఐజీపీ. అక్కడ ఎస్సై, సీఐ అంటారు. ఇక్కడ పీఎస్ఐ, సీపీఐ. అక్కడ ‘హెడ్డుగారు’ అయితే, ఇక్కడి పెద్దవాళ్ల నోట ఇంకా ‘దఫేదారు’ అన్న మాట వినిపిస్తుంది. కన్నడంలో కానిస్టేబుల్‌కు వాడుకలో ఉన్న మాట ‘పేదె’. తెలుగు చెవికి అది ‘పేద’ అని వినపడుతుంది. జీతాల గొడవ తెలిసినవాళ్లు ఆ మాటకు నవ్వలేరు.

ఇతర రాష్ట్రాలు హోదాల పేర్లనే మార్చాయి. కేరళ కానిస్టేబుల్ అన్న మాటను తీసేసి ‘సివిల్ పోలీస్ ఆఫీసర్’ అని పెట్టింది. మహారాష్ట్ర 2022లో ‘నాయక్’ హోదాను రద్దు చేసింది. పక్కనే ఉన్న తమిళనాడులో ఇప్పటికీ గ్రేడ్-1, గ్రేడ్-2 కానిస్టేబుళ్లు ఉన్నారు. పేరు మారితే గౌరవం కొంత పెరుగుతుంది. పని గంటలు మాత్రం పేరుతో తగ్గవు.

భుజం చూసి మాట్లాడండి

నక్షత్రాలు లెక్కపెట్టడం పిల్లల ఆట కాదు, పౌరుడికి అవసరమైన చదువు. మూడు పట్టీలుంటే హెడ్ కానిస్టేబుల్. ఎరుపు-నీలం రిబ్బనుతో ఒక నక్షత్రం ఏఎస్ఐ, రెండు ఎస్సై, మూడు ఇన్‌స్పెక్టర్. అదే మూడు నక్షత్రాలు రిబ్బను లేకుండా ఉంటే డీఎస్పీ. నాలుగు సింహాల చిహ్నం ఒక్కటే ఉంటే అదనపు ఎస్పీ, దాని పక్కన నక్షత్రం చేరితే ఎస్పీ.

ఇది ఎందుకు తెలియాలంటే, చట్టం కొన్ని పనులను హోదాను బట్టే అప్పగించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసును దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీకి తగ్గని అధికారి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయాలంటే డీఎస్పీ అనుమతి కావాలి, అది 14 రోజుల్లో ముగియాలి. అరెస్టయిన వారి పేర్లు, వివరాలు ఉంచే బాధ్యత ప్రతి స్టేషనులో ఏఎస్ఐకి తగ్గని ఒక అధికారికి ఇవ్వాలి, ఆ వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలి. ఇవన్నీ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత మాటలు, ఒక్క ఎస్సీ, ఎస్టీ చట్టం సంగతి తప్ప.

ఛాతీ మీది పేరుపట్టీకి కూడా చరిత్ర ఉంది. అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా స్పష్టంగా కనపడాలని డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కొత్త సంహితలోనూ పేరు కనపడాలన్న నిబంధన ఉంది. అరెస్టు పత్రం మీద ఇంటి మనిషో, ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. పేరు కన్నడంలో ఉంటే ఎలా అన్న భయం అక్కర్లేదు. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లే, కూడబలుక్కుని చదవొచ్చు. అసలు పట్టీయే లేని చొక్కాతో వచ్చినప్పుడే చిక్కు.

ఒక జిల్లా, ఇద్దరు ఎస్పీలు

కోలారు జిల్లాలో చాలామందిని తికమక పెట్టే సంగతి ఇంకొకటి ఉంది. రెవెన్యూ జిల్లా ఒకటే. పోలీసు జిల్లాలు రెండు. కేజీఎఫ్‌కు వేరే ఎస్పీ ఉన్నారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగాక బంగారు గనులు పెద్ద పట్టణమయ్యాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు నుంచి వేలాది తెలుగు, తమిళ కూలీలు వచ్చారు. బంగారం దొంగతనాలు, సమ్మెలు, జనసాంద్రత వీటన్నింటి మధ్య అక్కడ పోలీసు ఏర్పాటు ప్రత్యేకంగా పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఎస్పీ ఆఫీసు మాత్రం మిగిలింది.

నంగలి, ముళబాగిలు వాళ్లకు ఎస్పీ అంటే కోలారు ఎస్పీ. బంగారుపేట, బేతమంగళ వాళ్లకు కేజీఎఫ్ ఎస్పీ. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా తెలియకపోతే కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకొక ఆఫీసుకు తిరుగుతూనే ఉంటుంది. తిరిగే కాలం కాగితానిది కాదు, బాధితుడిది.

‘మా లిమిట్స్ కాదు’

సరిహద్దులో బతికేవాడికి పోలీసులతో వచ్చే పెద్ద పేచీ ఈ మూడు మాటలే. బండి పోయింది గంగవరం దగ్గర, తెలిసింది నంగలిలో. అడ్వాన్సు తీసుకున్నవాడు ముళబాగిలు మనిషి, మోసపోయింది బైరెడ్డిపల్లె రైతు. ఇలాంటప్పుడు ఇక్కడికి పోతే అక్కడికి పొమ్మంటారు, అక్కడికి పోతే ఇక్కడికి. రెండు బస్సు చార్జీలు, ఒక కూలి దినం పోతాయి. మూడోసారి మనిషి ఊరుకుంటాడు. నేరం రికార్డుకే ఎక్కదు.

దీనికి మందు చట్టంలోనే ఉంది. సంహిత 173వ సెక్షను ప్రకారం కేసు పెట్టదగిన నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషనులో చెప్పినా సమాచారం తీసుకోవాలి. మనం ‘జీరో ఎఫ్ఐఆర్’ అంటున్నది దీన్నే. తర్వాత దాన్ని సంబంధిత స్టేషనుకు పంపే పని పోలీసులది, ఫిర్యాదుదారుది కాదు. నోటితో చెప్పినా రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫోను, కంప్యూటరు ద్వారా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాయవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు.

‘చదివి వినిపించాలి’ అన్న ముక్క మనకు చాలా ముఖ్యం. ఈ పల్లెల్లో కన్నడం మాట్లాడేవాళ్లు చాలామందే, రాసింది పట్టుకుని తప్పు చెప్పగలిగేవాళ్లు తక్కువ. అర్థమయ్యేలా తెలుగులో చెప్పమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 2025 జులైలో కర్ణాటక ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మనె మనెగె పోలీస్’ పథకంలో పోలీసులే ఇంటింటికీ వచ్చి కష్టసుఖాలు అడగాలి. తెలుగు ఇళ్లున్న ఊళ్లకు తెలుగు వచ్చిన సిబ్బందిని పంపితే ఆ పథకానికి అర్థం ఉంటుంది.

కోర్టు చెప్పింది ఏడు, అందింది ఎంత?

పోలీసు సంస్కరణల కథ పాతదే. 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్ 1981 నాటికి ఎనిమిది నివేదికలిచ్చింది. అవి బీరువాలో ఉండిపోయాయి. రిటైర్డ్ డీజీపీ ప్రకాశ్ సింగ్ కోర్టుకెక్కితే 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. రాజకీయ ఒత్తిడిని ఆపే రాష్ట్ర భద్రతా కమిషన్, డీజీపీకి రెండేళ్ల పదవీకాలం, ఎస్పీకీ స్టేషను అధికారికీ కనీసం రెండేళ్లు, దర్యాప్తునూ శాంతిభద్రతలనూ వేరు చేయడం, బదిలీలు చూసే బోర్డు, ఫిర్యాదుల అథారిటీ, కేంద్ర స్థాయిలో జాతీయ భద్రతా కమిషన్.

కర్ణాటక 2012లో పోలీసు చట్టాన్ని సవరించి కమిషన్‌ను, బోర్డును, రాష్ట్ర, జిల్లా ఫిర్యాదుల అథారిటీలను అందులో చేర్చింది. కాగితం మీద బాగుంది. కానీ నంగలి బస్టాండులో నిలబడి ‘పోలీసుల మీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?’ అని అడిగి చూడండి. చాలామంది ‘అదే స్టేషనులో కదా’ అంటారు. కోర్టు ఉద్దేశం ఇది కాదు. డీఎస్పీ హోదా వరకు జిల్లా అథారిటీ, ఎస్పీ, ఆపై హోదా వారిపై రాష్ట్ర అథారిటీ విచారించాలన్నది ఆదేశం. కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారంతో పాటు బెదిరించి డబ్బు గుంజడం, భూమి కబ్జా లాంటివి కూడా జిల్లా అథారిటీ వినవచ్చు. ఈ సంగతి స్టేషను గోడ మీద రాయనంతకాలం అథారిటీ ఉన్నా లేనట్టే.

కానిస్టేబుల్ కష్టమూ చూడాలి

పోలీసును తిట్టడం సులువు. పండగ పూట బందోబస్తులో నిలబడేది ఎవరో కూడా చూడాలి. 2016 జూన్ 4న అఖిల కర్ణాటక పోలీస్ మహాసంఘ సామూహిక సెలవుకు పిలుపునిస్తే ప్రభుత్వం ఉలిక్కిపడింది. జీతం, సెలవులు, పై అధికారుల వేధింపులు అప్పటి గోడు. ఆ తర్వాత రాఘవేంద్ర ఔరాద్కర్ కమిటీ జీతాలు పెంచాలని సిఫారసు చేసింది. పెంపు ఉత్తర్వు రావడానికి 2019 దాకా పట్టింది.

ఇక్కడా సరిహద్దు తేడా ఉంది. ఆంధ్రలో పోలీసు అధికారుల సంఘం ఉంది, మాట్లాడుతుంది. కర్ణాటకలో సంఘం అంటేనే క్రమశిక్షణ చర్య భయం. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించింది. అయితే సెలవు ప్రకటించడం ఒక ఎత్తు, మనుషులు చాలని స్టేషనులో దాన్ని ఇవ్వడం ఇంకొక ఎత్తు. నిద్రలేని మనిషి దగ్గర ఓపిక ఉండదు. ఆ విసుగు చివరికి పడేది ఫిర్యాదుకు వచ్చినవాడి మీదే.

తుపాకీ కన్నా కెమెరా

పరికరాల సంగతికొస్తే, మొదటి ప్రపంచ యుద్ధం నాటి .303 రైఫిలుకు ఉత్తరప్రదేశ్ పోలీసులు వీడ్కోలు చెప్పింది 2020 జనవరి 26న. దేశంలో పోలీసుల ఆధునికీకరణ నత్తనడకకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 2021-22 నుంచి 2025-26 వరకు ఆధునికీకరణ పథకాలకు రూ.26,275 కోట్లు కేటాయిస్తూ కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఆమోదం తెలిపింది.

నంగలి లాంటి స్టేషనుకు మాత్రం తుపాకీ కన్నా కెమెరా ముఖ్యం. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషనులో గేటు, లాకప్, వరండా సహా అన్నిచోట్లా సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. కెమెరా ఉంటే ఫిర్యాదుదారుకు ధైర్యం. అబద్ధపు ఆరోపణ వస్తే పోలీసుకూ రక్షణ.

చేయాల్సింది కొండంత కాదు

ఇవన్నీ విధానసౌధలోనో, అమరావతిలోనో తేలాలని ఎదురు చూడక్కర్లేదు. కోలారు, చిత్తూరు ఎస్పీలు మనసు పెడితే అయ్యే పనులు కొన్ని ఉన్నాయి. జీరో ఎఫ్ఐఆర్ హక్కును, ఫిర్యాదుల అథారిటీ చిరునామాను కన్నడంతో పాటు తెలుగులోనూ స్టేషను ముందు రాయించాలి. నంగలి, గంగవరం, పలమనేరు స్టేషన్ల మధ్య నేరుగా మాట్లాడుకునే ఒక అధికారిని పేరుతో ప్రకటించాలి. అవతలి రాష్ట్రం మనిషి వచ్చినా ముందు రాసుకోవాలి, హద్దు సంగతి తర్వాత చూసుకోవాలి. జనం కూడా 112కు ఫోను చేసినప్పుడు ముందుగా ఊరు, తాలూకా, రాష్ట్రం చెప్పడం అలవాటు చేసుకోవాలి.

దొంగకు సరిహద్దు లేదు. టమాటా లారీకి లేదు. పెళ్లి సంబంధానికి అసలే లేదు. ఉన్నదల్లా ఫిర్యాదు కాగితానికే. కొత్త టోపీ పెట్టుకున్న చేతులు ఆ కాగితాన్ని వెనక్కి నెట్టకుండా అందుకున్న రోజున సంస్కరణ నంగలికి వచ్చిందని రాస్తాం.