పుస్తకమా, ఫ్రేమ్‌వర్కుల జాబితానా?

జావా వెబ్ ప్రోగ్రామింగ్ మీద ఎవరైనా పుస్తకం రాస్తూ "ఇందులో ఏయే ఫ్రేమ్‌వర్కులు పెట్టాలి?" అని అడిగితే, మన ఐటీ జనం చెప్పే జవాబు ఒకటే. "ఉద్యోగ ప్రకటనల్లో ఏమేం అడుగుతున్నారో అన్నీ పెట్టెయ్యండి." ఇంతకంటే చెడ్డ సలహా ఇంకోటి లేదని నా వాదన.

ఎందుకంటారా? స్ట్రట్స్ సంగతే చూడండి. ఒకప్పుడు అది రాకపోతే జావా ఉద్యోగమే రాదన్నంత హడావుడి. 2013లో స్ట్రట్స్ 1కి అపాచీ వాళ్ళే మంగళం పాడేశారు. 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్‌ని 2016లో యాంగ్యులర్ 2 అంటూ మొత్తం తిరగరాశారు. పాతదానికి 2021 డిసెంబరుతో సపోర్టు కూడా ఆగిపోయింది. వీటి మీద అచ్చయిన లావుపాటి పుస్తకాలన్నీ ఇప్పుడు ఏ అటక మీదున్నాయో!

ఇక అడుగున ఉన్నవాటి సంగతి. సర్వ్‌లెట్లు, జేడీబీసీ 1997లో వచ్చాయి. స్ప్రింగ్ ఎంవీసీ లోపల ఇవాళ్టికీ రిక్వెస్టుని అందుకునేది ఒక సర్వ్‌లెట్టే. హైబర్నేట్ డేటాబేసుతో మాట్లాడేది జేడీబీసీ ద్వారానే. "మరి 2020లో జావాఎక్స్ పోయి జకార్తా రాలేదా?" అంటారు. వచ్చింది. మారింది ప్యాకేజీ పేరు, పనిచేసే తీరు కాదు. తెలిసినవాడికి అది ఒక పూట పని.

"ఇంటర్వ్యూలో స్ప్రింగ్ బూట్ అడుగుతారు కదా?" అడుగుతారు. అందుకే ఒక్కదాన్ని పెట్టండి, లోతుగా చెప్పండి. ఆరింటికి తలా నలభై పేజీలు పంచితే ఏదీ హలో వరల్డ్ దాటదు. ఆ మాత్రం వాళ్ళ డాక్యుమెంటేషన్లో ఉచితంగానే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ. స్ప్రింగ్‌లో ఒక మెథడ్‌కి ట్రాన్సాక్షనల్ అని యానొటేషన్ తగిలించి, దాన్ని అదే క్లాసులోని మామూలు మెథడ్ నుంచి పిలవండి. డిఫాల్ట్ సెట్టింగుల్లో ట్రాన్సాక్షన్ మొదలే కాదు. ఎర్రర్ కూడా రాదు. డబ్బు ఒక ఖాతాలో తగ్గి రెండోదాంట్లో పెరక్కపోతే అప్పుడు తెలుస్తుంది! ఎందుకిలా అంటే, ఆ యానొటేషన్ పనిచేసేది ప్రాక్సీ ద్వారా. సొంత క్లాసు లోపలి కాల్ ప్రాక్సీని తాకదు. పుస్తకం చెప్పాల్సింది ఇదీ.

అమీర్‌పేటలో గది అద్దెకి తీసుకుని, ఇంటి నుంచి వచ్చిన డబ్బుల్లోంచి పుస్తకం కొనుక్కునే కుర్రాడికి అట్ట మీద ఆరు పేర్లు గొప్పగానే కనిపిస్తాయి. మూడేళ్ళకి అందులో నాలుగు పాతబడతాయి. "స్కిల్ సెట్ అవుట్‌డేటెడ్" అనిపించుకునేది అతనే, రచయిత కాదు.

కాబట్టి రచయితలకి నేను చెప్పేది ఇదీ: పుస్తకంలో మూడింట రెండొంతులు హెచ్‌టీటీపీకి, ఎస్‌క్యూఎల్‌కి, థ్రెడ్లకి, ట్రాన్సాక్షన్లకి. మిగతాది ఒక్క ఫ్రేమ్‌వర్కుకి, వెర్షన్ నంబరు స్పష్టంగా వేసి. మిగిలినవాటి పేర్లకి ఒక పేజీ చాలు.

అమ్ముడుపోదంటారా? పోనివ్వండి. పేరు గొప్ప, ఊరు దిబ్బ పుస్తకాలు మనకి ఇప్పటికే బోలెడున్నాయి. కాదంటే ఎందుకు కాదో చెప్పండి, వాదించుకుందాం.