చేసేవాళ్ళను చూసేదెవరు?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకదానిని పక్కన పెట్టడానికి మనసొప్పలేదు. ఒక చిన్న పట్టణంలో వృద్ధాశ్రమం బాధ్యత చూస్తున్న సోదరి రాసింది. ఊరూ పేరూ వెయ్యవద్దన్నది గనుక వెయ్యడంలేదు.

"ముప్ఫై ఆరుగురు వృద్ధులు, తొమ్మండుగురు ఆయాలు. ఆరునెలల్లో అయిదుగురు మానేశారు; మళ్ళీ కొత్తవాళ్ళను పెట్టుకున్నాను. పోయిన నెల మంచానపడ్డ ఒక ముసలమ్మగారిని రాత్రంతా ఎవరూ ఒత్తిగిలబెట్టలేదు. తెల్లవారి చూస్తే నడుం దగ్గర చర్మం చిట్లి పుండైంది. అందరినీ నిలబెట్టి కేకలేశాను. మర్నాడు ఇద్దరు పనిలోకి రాలేదు. జీతాలు పెంచే అధికారం నాకు లేదు. అది కమిటీవారి చేతుల్లో వున్నది. వీళ్ళలో శ్రద్ధ పుట్టించడమెలా?"

సోదరీ, మీ బాధ అర్థమయింది. కాని మీ ఉత్తరం నాలుగుసార్లు చదివినా ఒక్క సంగతి కనబడలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది వున్నారు? ఒక్కతే వుంటే, ఒళ్ళు స్వాధీనంలో లేని మనిషిని రెండేసి గంటలకోసారి ఒంటరిగా తిప్పడం ఎవరి తరం? కేకలు వేసేముందు అడగవలసిన ప్రశ్న అది. శ్రద్ధ లేకపోవడం వేరు, చేతులు చాలకపోవడం వేరు. రెండింటికీ ఒకటే తిట్టు తిడితే, శ్రద్ధ వున్నవాళ్ళే ముందు వెళ్ళిపోతారు.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రోగుల పరిచర్యను గురించి రాసిన పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఇటువంటి విషయానికే కేటాయించింది. తాను వున్నప్పుడు జరిగే పని తాను లేనప్పుడు కూడా జరిగేటట్టు ఏర్పాటు చెయ్యడమే పెద్దరికమని ఆమె భావం. అంచేత మీరు రాత్రిపూట ఇద్దరికి తగ్గకుండా చూడండి. మంచం కాళ్ళవైపు ఒక అట్ట వేలాడదీయండి. ఏ వేళకు ఏ పక్కకు తిప్పారో దానిమీద గుర్తు పెట్టాలి. చదువురానివారి కోసం గడియారం బొమ్మలు గీసి వుంచితే సరి. అట్ట వున్నది తప్పు పట్టడానికి కాదని ముందే చెప్పండి.

ఇక రెండో సంగతి. లండనులో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుల పనితీరును పరిశీలించి ఇసబెల్ మెంజీస్ అనే ఆమె 1960 ప్రాంతంలో ఒక వ్యాసం ప్రకటించింది. అక్కడ పనిని ముక్కలు ముక్కలుగా పంచేవారు. రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో, జబ్బు పేరుతోనో చెప్పుకొనేవారు. శిక్షణలో వున్న పిల్లలను వార్డునుంచి వార్డుకు మారుస్తూ వుండేవారు. రోగి బాధ నర్సు మనసుకు తగలకుండా కాపాడే కంచె అది. తీరా చూస్తే బాధ తగ్గలేదు సరిగదా, పనిలో వుండే తృప్తి కూడా పోయింది. శిక్షణకు వచ్చినవారిలో మూడోవంతు మంది మధ్యలోనే మానేసేవారట!

మా అత్తగారు పక్షవాతం వచ్చి చివరి పద్నాలుగు నెలలు ఒక ఆసుపత్రిలో గడిపారు. మొదట్లో రోజుకొక ఆయా. అత్తగారు సగం అన్నం వదిలేసేవారు. "తినడంలేదు" అని రాసి పోయేవారు. తరువాత ఒకే ఆమె మూడునెలలు వరసగా వచ్చింది. ఎడమవైపు కూర్చుని పెడితే ఆవిడ చూపు గిన్నెమీద పడడంలేదని ఆమే కనిపెట్టింది. కుడివైపుకు మారి కూర్చుంది. అత్తగారు తిన్నారు. ఆనాడు ఆ ఆయా ముఖంలో చూసిన వెలుగును ఏ జీతమూ కొనలేదు.

కాబట్టి ఒక్కొక్క ఆయాకు నలుగురైదుగురు వృద్ధులను శాశ్వతంగా అప్పగించండి. డ్యూటీ వంతులు వాళ్ళనే కూర్చుని వేసుకోనివ్వండి. నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బ్యూర్ట్‌జోర్గ్ అనే సంస్థలో, ఇళ్ళకు వెళ్ళి సేవచేసే నర్సులు పన్నెండు మందికి మించని జట్లుగా ఏర్పడి, పైన మేనేజరంటూ లేకుండా తమ పని తామే పంచుకొంటారు. మీ తొమ్మండుగురికి ఆ మాత్రం తెలివి లేదంటారా?

మరొకటి మరువకండి. రెండేళ్ళు ముద్దలు కలిపి పెట్టిన ముసలమ్మ పోతే, ఆ మంచంమీద మర్నాడే కొత్త దుప్పటి పరచమంటాం. ఆ ఆయా ఏడవాలని ఎవరికీ తోచదు. పది నిముషాలు ఆమె పక్కన కూర్చోండి. దానికి కమిటీ అనుమతి అక్కరలేదు.

అయితే మంచిమాటలతో కడుపు నిండదు. ఒకరు మానేసినప్పుడల్లా కొత్తమనిషి పని నేర్చేవరకూ ఎంత నష్టమో లెక్క రాసి కమిటీవారి ముందు పెట్టండి. ఒక్కసారికి ఒప్పుకోకపోతే ప్రతి సమావేశంలోనూ పెట్టండి. అది కూడా మీ ఉద్యోగంలో భాగమే.

ఆఖరుగా, మానేసిన ఆ ఇద్దరి ఇళ్ళకూ మీరే వెళ్ళండి. రమ్మని అడిగేముందు, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమనండి. చెప్పేవరకూ వినండి. వాళ్ళు తిరిగి వచ్చినా రాకపోయినా, మిగిలినవారికి ఆ కబురు సాయంత్రానికి అందుతుంది.

ఏం జరిగిందో నాకు రాయండి.