ఎందుకు డాక్టరు కావాలనుకున్నాను?

2018లో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మన హాస్టలు వరండాలో ఒక విలేకరి నన్ను అడిగాడు, పెద్దయ్యాక ఏమవుతావని. "డాక్టరునై పేదలకు సేవ చేస్తాను" అన్నాను. వార్డెను గారు భుజం తట్టారు. మర్నాడు పేపర్లో అదే మాట అచ్చయింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అది అబద్ధం.

మా ఊళ్ళో ఆర్ఎంపీని అందరూ "డాక్టరు గారూ" అనేవాళ్ళు. మా నాన్నను మాత్రం చిన్నపిల్లలు కూడా "ఒరేయ్" అని పిలిచేవాళ్ళు. నేను డాక్టరునైతే ఆ పిలుపు ఆగిపోతుందనుకున్నాను. ఆపైన నెల జీతం, రేకుల ఇంటి స్థానంలో స్లాబు ఇల్లు. పేదలకు సేవ అనే ఆలోచన నాకు లేనే లేదు. ఆ పేదలం మేమే కదా!

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. డాక్టరు ఎందుకు కావాలనే ప్రశ్న అందులో లేదు. అది బయటే అడుగుతారు, అదీ ఎక్కువగా మనల్నే. డాక్టరు గారబ్బాయి మెడిసిన్‌లో చేరితే నాన్నగారి నర్సింగ్ హోము చూసుకుంటాడని సంతోషిస్తారు. హాస్టలు పిల్లవాడు మాత్రం పల్లెకెళ్ళి ఉచితంగా వైద్యం చేస్తానని సీటు రాకముందే మాటివ్వాలి. ఇదెక్కడి న్యాయం?

ఆ అబద్ధం వల్ల నష్టపోయింది నేనే. 2020లో సీటు రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు నాన్న మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయని ఇంట్లో చెప్పలేదు. పేపర్లో పడ్డ మాటను వెనక్కి తీసుకోవడం ఎలాగని భయం. 2021లోనూ రాలేదు. నాకు కావలసింది గౌరవం, జీతం అని ముందే ఒప్పుకుని ఉంటే వాటికి వేరే దారులు అప్పుడే వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది.

నిజంగా సేవ చేయాలనుకునేవాళ్ళు మనలో లేరని అనను. కానీ బైపీసీలో చేరబోయే ప్రతి ఒక్కరూ, పైకి ఏం చెప్పినా, అసలు కారణం నోటుబుక్కు చివరి పేజీలో రాసుకోండి. డబ్బు అని రాయడానికి సిగ్గుపడకండి.

మన హాస్టల్లోనే చదివిన ఒక అన్న మెస్సులో బాహాటంగా అనేవాడు: "ముందు ఇల్లు కట్టాలి, చెల్లి పెళ్ళి చేయాలి. అందుకేరా ఎంబీబీఎస్." మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడాయన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. మొన్న అమ్మను తీసుకెళ్తే, చీటీ రాసి పంపేయకుండా కూర్చోబెట్టి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆమె నోటితోనే రెండుసార్లు చెప్పించాడు. ఇల్లు కూడా కట్టాడు. స్లాబు ఇల్లే.