వేలు తెగితే లెక్కుంది.. మనసు విరిగితే?

బొగ్గు బాయిలో బండ పడిందనుకోండి. ఒక కార్మికుడికి బొటనవేలు పోయింది. పక్కనున్న ఇంకొకాయన ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ తోటి కార్మికుడి శవాన్ని బండల కింద నుంచి బయటికి లాగింది ఆయనే. కొన్నాళ్లకు మొదటాయన గాయం మానింది, డ్యూటీకి పోతున్నాడు. రెండో ఆయన బాయి మొఖం చూస్తేనే వణుకుతున్నాడు. కంటికి నిద్ర లేదు, ఇంట్లో మాట లేదు. మన ఊళ్లల్లో దీన్ని రంది అంటారు, మనాది అంటారు. చట్టం మాత్రం దీనికి ఏ పేరూ పెట్టలేదు.

బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టని పరిహార చట్టం షెడ్యూల్‌లో రాసి ఉంది. మరి మనాదికి ఎన్ని శాతాలు? ఆ షెడ్యూల్‌ను ఎన్నిసార్లు తిరగేసినా దొరకదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ప్రమాదాల లెక్కలోకి ఆ 17 ఎక్కింది. ఆ వార్త విని కూడా మర్నాడు బాయి దిగాల్సిన వాళ్ల గుండెల్లో గుబులు ఏ లెక్కలోకి ఎక్కింది?

అసలు చట్టం ఏమంటోంది? 1923 నాటి పరిహార చట్టమైనా, దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ అయినా అడిగేవి రెండే ప్రశ్నలు. పనిలో ఉండగా, ఆ పని వల్లనే జరిగిన ప్రమాదంలో గాయపడ్డావా? లేకుంటే, షెడ్యూల్‌లో రాసిన వృత్తి వ్యాధి వచ్చిందా?

గాయమంటే రక్తం కారాల్సిందేనని చట్టంలో లేదు. షెడ్యూల్‌లో లేని గాయమైతే సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టర్ లెక్కగట్టొచ్చు. కాబట్టి ప్రమాదం వల్లనే మనసు దెబ్బతిన్నదని డాక్టర్ రాసిస్తే వాదించడానికి ఒక సందుంది. సందే, దర్వాజ కాదు.

మరి ఏండ్ల తరబడి డబుల్ డ్యూటీలు, టార్గెట్లు, పైఅధికారి తిట్లు మనిషిని మెల్లమెల్లగా తింటే? అది ‘ప్రమాదం’ కిందికి రాదు. వృత్తి వ్యాధుల పట్టికలో సిలికోసిస్ ఉంది, సీసం విషం ఉంది. మానసిక వ్యాధి ఒక్కటీ లేదు. ఈఎస్‌ఐలో కొన్ని మానసిక జబ్బులకు దీర్ఘకాలం సెలవు భత్యం ఇస్తారు. కానీ అది జబ్బుకు ఇచ్చేది. పని చేసిన గాయానికి కాదు.

కోర్టులు ఒత్తిడిని గుర్తించలేదని కాదు. ఢిల్లీ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ నడిపి, ఒంట్లో బాగాలేక బండి పక్కకు ఆపి ప్రాణం విడిచిన డ్రైవర్ కేసులో 2012లో సుప్రీంకోర్టు పరిహారం ఇవ్వాల్సిందేనంది. 2006లో గుండెపోటుతో పోయిన ఒక వాహన క్లీనర్ కేసులో మాత్రం పని ఒత్తిడికి రుజువు లేదని కాదంది. అంటే గుండె ఆగిపోతే, అదీ రుజువు దొరికితే, ఒత్తిడి నిజం. మనిషి బతికుండి కుమిలిపోతే అబద్ధమా?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే తన వృత్తి వ్యాధుల జాబితాలో మానసిక రుగ్మతలను చేర్చింది. భయంకర ఘటన తర్వాత వెంటాడే మానసిక వేదనను పేరు పెట్టి మరీ రాసింది. మన పాలకులు 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా కలిపారు. ఈ ఒక్క మాట చేర్చడానికి చెయ్యి రాలేదు.

‘మనసు జబ్బును నటించొచ్చు కదా’ అంటాయి యాజమాన్యాలు. నడుం నొప్పి మాత్రం కంటికి కనబడుతుందా? 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద మానసిక వ్యాధిని శాతాల్లో కొలిచి సర్టిఫికెట్ ఇస్తున్నది ఈ సర్కారే. పింఛనుకు కొలవగలిగినది పరిహారానికి ఎందుకు కొలవరాదు?

తప్పు మనలోనూ ఉంది. ఎర్రగడ్డ దవాఖాన పేరును మనం తిట్టుగా వాడుకుంటాం. అందుకే మనాది పట్టినవాడు డాక్టర్ దగ్గరికి పోడు, చీటీ ఉండదు, రేపు కేసులో రుజువూ ఉండదు. లాఠీ దెబ్బ మానినా ఆ రాత్రి భయం మానదని రోడ్డెక్కినోళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రమాదం జరిగితే యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలపాలి. నిద్ర పట్టకున్నా, భయం వదలకున్నా వెంటనే మానసిక వైద్యుడికి చూపించుకోవాలి. ప్రతి చీటీ దాచుకోవాలి. చూసిన తోటి కార్మికులు సాక్ష్యానికి నిలబడాలి.

యూనియన్లు ఇప్పటిదాకా వేతనం, బోనస్, బదిలీల మీద కొట్లాడాయి. ఇక ఇదీ డిమాండ్ల పత్రంలోకి ఎక్కాలి. వృత్తి వ్యాధుల షెడ్యూల్‌లో మానసిక గాయాన్ని చేర్చాలి. కార్మికుడి చేతులే కాదు, ఆ చేతులను నడిపించే మనసూ పనిలోకి దిగుతోంది. పనికి పనికొచ్చిన మనసు పరిహారానికి పనికిరాదంటే ఎట్లా?